సోమవారం మైకు

జూలై 5, శనివారం

వాడు ఇక్కడ ఉన్నాడు.

పొద్దున చిత్తూరు బస్టాండులో ఎంత సంబరంగా బస్సెక్కాను! కొత్త చుడీదారు, కొత్త పెన్ను. పిల్లలకూ టీనేజీ వాళ్లకూ చేసే ఎవిడెన్స్ బేస్డ్ సైకోథెరపీ ట్రైనింగ్. రెండు నెలలు, శని ఆదివారాలు క్లాసులు. నేను పనిచేసే చైల్డ్ గైడెన్స్ క్లినిక్ డాక్టరుగారు నా పేరు పంపించారు. ఈ జిల్లాల్లో ఇట్లాంటి ట్రైనింగ్ రావడమే అపురూపం. అలిపిరి రోడ్డులో ఒక ట్రస్టు వాళ్ల హాలు. తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే ముందు వరసలో ఒక మెడ కనిపించింది. వెనక నుంచే గుర్తుపట్టాను. ఆ మెడ మీద మడత, ఆ మడతలో పౌడరు. చెంగల్రాయుడు. తిరుపతిలో నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీ డీన్.

చివరి వరసలో కూలబడ్డాను.

ఒక్కొక్కరినీ పరిచయం చేసుకోమన్నారు. వాడు లేచి కోటు సర్దుకున్నాడు. ఆ కాలేజీ గ్రూపు వాళ్లు అన్ని క్యాంపస్‌లకూ కలిపి వెల్‌నెస్ సెల్ పెడుతున్నారట. దానికి వాడే డైరెక్టరట. ఈ సర్టిఫికెట్ చేతికి రాగానే పోస్టింగ్ ఆర్డరట. ఇకమీదట పిల్లల కన్నీళ్లు తుడవడమే తన జీవితమట. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, మధ్యలో వాడి చెంప ఉందనుకుని.

నా వంతు వచ్చింది. రూపశ్రీ, సొంతూరు బంగారుపాళ్యం అన్నాను. వెనక్కి తిరిగి చక్కగా నవ్వాడు. గుర్తుపట్టలేదు.

జూలై 6, ఆదివారం

వాడు ఏం చేశాడో ఇవాళ రాసి పారేస్తాను. ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు.

మా హాస్టల్లో ఆదివారం ఆదివారం ఇంటికి ఫోన్. స్పీకర్ పెట్టే మాట్లాడాలి. పక్క కుర్చీలో వాడు కూర్చునేవాడు. చేరిన కొత్తలో ఒక ఆదివారం నాకు ఏడుపు ఆగలేదు. "నాయనా, నన్ను పిల్చుకోని పో" అన్నాను. పొద్దున్నే బయల్దేరి వస్తానన్నాడు నాయన. అప్పుడు వాడు ఫోన్ లాక్కుని తేనె పూసినట్టు మాట్లాడాడు. కొత్తలో పిల్లలు ఇట్లాగే అంటారని, మీరు వచ్చి తీసుకుపోతే పాప బతుకు పాడైపోతుందని. నాయన మామిడి తోట రైతు. డీన్ అంటే దేవుడి కింద లెక్క. సరే సార్ అని పెట్టేశాడు.

మర్నాడు సోమవారం అసెంబ్లీ. నన్ను స్టేజీ మీదికి పిలిచాడు. నిన్న మీ నాయనతో ఏమన్నావో మైకులో చెప్పు, అందరూ వినాలి అన్నాడు. నేను తల దించుకున్నాను. సరే, నేనే చెప్తానని మైకు తీసుకుని, ముక్కు చీదుతూ, నా యాస పట్టి, "నాయనా, నన్ను పిల్చుకోని పో" అన్నాడు. గ్రౌండు గ్రౌండంతా నవ్వింది. మళ్లీ అనమని వాళ్లే అరిస్తే మళ్లీ అన్నాడు. ఆ రోజు నుంచి ఇంటర్ అయిపోయేదాకా నా పేరు అదే. మెస్‌లో, కారిడార్లో, బాత్రూముల దగ్గర, పిల్చుకోని పో వచ్చింది, పిల్చుకోని పో పోయింది.

తర్వాత ఆదివారం నాయన ఫోన్లో "బాగుండావా మ్మా?" అన్నాడు. "బాగుండాను" అన్నాను. అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆయన అదే అడుగుతాడు, నేను అదే చెప్తాను. టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా అదే చెప్పాను. ఈ సాయంత్రం కూడా అదే చెప్పాను.

ట్రైనింగ్ సంగతి కూడా రాయాలి. మా ట్రైనర్ జయంతి మేడం. వేలూరు వైపు మనిషి, తెలుగులో సగం తమిళం దొర్లుతుంది, మాట కచ్చితం. ఆమె పద్ధతి అంతా రోల్‌ప్లే. ఒకరు థెరపిస్టు, ఒకరు పిల్ల. పిల్లగా కూర్చునేవాళ్లు తాము చూసిన నిజమైన కేసే తేవాలి, పేరు మార్చాలి. చేతికి ఒక పసుపు రిబ్బను కట్టుకుంటే పిల్ల కింద లెక్క. అయిపోయాక లేచి నిలబడి, రిబ్బను విప్పి, నేను ఫలానా పిల్లను కాదు, నా అసలు పేరు ఇది, ఇంటికెళ్లి ఫలానా పని చేస్తాను అని పైకి చెప్పాలి. దీనికి వేషం విప్పడం అని పేరు పెట్టింది మేడం. విప్పకుండా ఎవరూ గడప దాటకూడదు. ఇంకొక నియమం, ఇది తప్పితే సర్టిఫికెట్ లేదట. సొంత పుండు ఇక్కడికి తేకూడదు. కేసు మీరు చూసినదై ఉండాలి, మీరే కేసు కాకూడదు అంది.

రాసుకున్నాను. బుద్ధిగా కింద గీత కూడా గీశాను.

జూలై 12, శనివారం

వాడి మజ్జిగలో గుప్పెడు ఉప్పు వేశాను. గటగటా తాగేసి, ఎండలకు ఇట్లా ఉంటేనే మంచిదమ్మా అన్నాడు.

జూలై 13, ఆదివారం

ఇవాళ ఫీలింగ్స్ థర్మామీటర్. కాగితం మీద థర్మామీటర్ బొమ్మ గీసి, సున్నా నుంచి పది వరకు గీతలు పెట్టి, ఇప్పుడు నీ బాధ ఎంతలో ఉందో వేలు పెట్టి చూపించు అని పిల్లను అడగడం. చిన్న పనే కానీ, నోరు తెరవని పిల్లలు కూడా వేలు పెడతారు.

వాడికి ఇది తెగ నచ్చింది. ఫోటో తీసుకున్నాడు. ఒకేసారి చాలామంది పిల్లలకు చేయొచ్చా మేడం అని అడిగాడు. కుదరదు, ఇది ఒక పిల్లకూ ఒక మనిషికీ మధ్య, తలుపు వేసుకుని చేసేది అంది జయంతి మేడం. వాడు తలూపుతూ రాసుకున్నాడు. ఫస్ట్ బెంచి పిల్లాడి మాదిరి ప్రతిదీ రాసుకుంటాడు. అందరికీ ఇంటి నుంచి వడలు తెస్తాడు. దయానంద్ అయితే వాడిని పెదనాన్నా అని పిలవడం మొదలుపెట్టాడు. దయానంద్ నా పక్క సీటు, సూళ్లూరుపేటలో స్కూల్ కౌన్సెలర్, నోటికి ఖాళీ ఉండదు. వడ బాగుందని నాకూ ఒకటి పెట్టబోయాడు. ఉపవాసమని చెప్పాను. ఆకలితో చచ్చాను.

జూలై 17, గురువారం

ఈ ఆదివారం పాఠం ఏంటో షెడ్యూల్లో చూశాను. పొద్దుటి నుంచి దాని మీదే నా ధ్యాస.

పిల్ల తనకు జరిగింది చెప్తుంది. థెరపిస్టు దాన్ని పిల్ల మాటల్లోనే రాయాలి. తర్వాత పైకి చదివి వినిపించాలి. ఒక్క మాట మార్చకూడదు, మెత్తన చేయకూడదు. రాసినదాంట్లో తప్పుంటే దిద్దాల్సింది పిల్లే. పైగా ప్రతి జోడీనీ వీడియో తీస్తారు, కాలర్ మైకు పెట్టి. ఏసీ మోతకు వినబడదని ఆ మైకు హాలు స్పీకర్లకు కలుపుతారు.

ఇంతకంటే ఏం కావాలి నాకు! నా మాటలు వాడే రాయాలి. నా మాటలు వాడే చదవాలి. మైకులో. ఆ మాట నోటికి వచ్చినప్పుడు వాడి మొహం రంగు మారడం నేను ఎదురుగా కూర్చుని చూడాలి.

సొంత పుండు తేకూడదన్న నియమం గుర్తుంది. క్లినిక్‌లో చూసిన రాణి అనే పిల్ల అని చెప్తాను. ఎవరు చూడొచ్చారు.

నాయన ఫోన్ చేశాడు, గురువారమే అయినా. తోతాపురి మామిడి ధర పడిపోయిందట. పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టర్ల వరసలో ఉండి, పొద్దుపోక చేశాడట. బాగుండావా అన్నాడు. బాగుండాను అన్నాను. నువ్వు బాగుండావా అని అడిగాను. బాగుండాను అన్నాడు. ఆయన కూడా అబద్ధమే చెప్పాడు.

జూలై 19, శనివారం

జోడీలకు చీటీలు తీశారు, తీసినవాళ్లు పిల్ల, చీటీలో పేరున్నవాళ్లు థెరపిస్టు. నాకు ఎవరో మదనపల్లె టీచరమ్మ పడింది. దయానంద్‌కు వాడు పడ్డాడు. దయానంద్, నీ చీటీ నాకిచ్చి నా చీటీ నువ్వు తీసుకో అన్నాను. ఎందుకని అడిగితే పెద్దాయన దగ్గర నేర్చుకోవాలని ఉంది అన్నాను. నా మొహంలో ఏం చూశాడో గానీ ఇచ్చేశాడు. రేపే.

జూలై 20, ఆదివారం

కుదిరింది. కుదిరి ఏం లాభం.

రిబ్బను కట్టుకుని వాడి ఎదురుగా కూర్చున్నాను. మధ్యలో రెండు మోకాళ్లు పట్టేంత ఖాళీ. వాడు ముందుకు వంగి, తొందరేం లేదు రాణీ, ఎక్కడి నుంచి చెప్పాలనిపిస్తే అక్కడి నుంచి చెప్పు అన్నాడు. చెప్పాను. ఫోన్, స్పీకర్, నాయన, మైకు, నవ్వు, పేరు. కాలేజీ పేరు తప్ప అన్నీ చెప్పాను. నా యాసలోనే చెప్పాను. వాడు తల వంచుకుని రాశాడు, ఎక్కడా అడ్డం రాలేదు.

తర్వాత చదివాడు. వాడి గొంతు స్పీకర్లలో హాలంతా పరుచుకుంది. ఆ మాట దగ్గరికి వస్తోంది. వచ్చింది. "నాయనా, నన్ను పిల్చుకోని పో." చదివాడు. మెల్లగా, మర్యాదగా చదివాడు. చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మొహంలో ఏమీ లేదు. దాచుకోవడం కాదు, నేను అరంగుళం కూడా వదలకుండా చూశాను. నిజంగానే ఏమీ లేదు. నా బతుకులో పెద్ద సోమవారం వాడికి ఉత్త సోమవారం.

ఆ తర్వాత నా కళ్లలోకి చూసి, "అది నీ తప్పు కాదమ్మా. ఇంటికి పోవాలనిపించడం తప్పెట్లా అవుతుంది" అన్నాడు.

జయంతి మేడం ఆపి, చూశారా, ఇది పద్ధతి అంటే, ఎక్కడా తొందర లేదు, ఎక్కడా తన మాట కలపలేదు అని క్లాసుకు చెప్పింది. చప్పట్లు. వాడు చేతులు జోడించి, ఎంత క్రూరుడండీ ఆ డీన్, ఇట్లాంటివాళ్ల వల్లే మా వృత్తికి చెడ్డపేరు అన్నాడు. నిజాయితీగా అన్నాడు.

నేను లేచి రిబ్బను విప్పాను. నేను రాణిని కాదు, రూపశ్రీని, ఇంటికెళ్లి బట్టలు ఉతుక్కుంటాను అన్నాను. బస్సులో పళ్లు కొరుక్కుంటూ వచ్చాను. దవడలు నొప్పి.

జూలై 21, సోమవారం

రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఇన్నేళ్ల తర్వాత మొదటిసారి, సోమవారం పొద్దున కడుపు నిండా తిన్నాను.

పనిచేసింది! ఛీ. నా తప్పు కాదని ఎవరైనా నాతో అనాలని నేను ఎదురు చూస్తున్నానట, అది కూడా నాకే తెలియదు. ఆ మాట జయంతి మేడం అని ఉండొచ్చు, దయానంద్ అని ఉండొచ్చు, దారిన పోయే ఆటోవాడు అని ఉండొచ్చు. వాడి నోటి నుంచే వినాల్సి వచ్చింది. వాడి చేతి మందు తాగి నా జ్వరం తగ్గింది. వాంతి చేసుకుందామన్నా రావడం లేదు.

జూలై 27, ఆదివారం

టీ దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. ఆ రాణి చదివిన కాలేజీ ఏదో చెప్పమ్మా, ఆ డీన్ మీద కంప్లైంట్ ఇద్దాం, నాకు ఆఫీసుల్లో తెలిసినవాళ్లున్నారు, నేనే దగ్గరుండి చూస్తాను అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కేసు వివరాలు బయటికి చెప్పకూడదు కదా సార్ అన్నాను. నిజమే, నిజమే, కాన్ఫిడెన్షియాలిటీ అని లెంపలు వేసుకున్నాడు.

బస్టాండు దాకా దయానంద్ తోడు వచ్చాడు. దారిలో అడిగేశాడు, రాణి నువ్వే కదా అని. అవునన్నాను. ఆ డీన్ ఎవరో మాత్రం చెప్పలేదు. తనకూ స్కూల్లో ఒకడు ఉండేవాడట, ఈమధ్య కనిపిస్తే ముసలాడై కర్ర పట్టుకుని నడుస్తున్నాడట, చూసి జాలేసి వదిలేశాడట. మనుషులు మారతారు రూపా, వదిలెయ్ అన్నాడు.

వాడు కూడా మారాడేమో. ఈ ముక్క రాయడానికి చెయ్యి రావడం లేదు. మారి ఉంటే మరి నా కోపాన్ని నేనేం చేసుకోవాలి? అటక మీద పెట్టుకోవాలా?

ఆగస్టు 3, ఆదివారం

క్లాసు అయింది. వాడి వడ ఒకటి తిన్నాను. బాగుంది.

ఆగస్టు 5, మంగళవారం

ఇవాళ క్లినిక్‌కు ఒక తల్లి కూతుర్ని తీసుకొచ్చింది. ఐశ్వర్య అని రాస్తున్నాను, అసలు పేరు కాదు. ఇంటర్ ఫస్టియర్. జ్వరమని ఇంటికి తీసుకొస్తే తిరిగి పోనంటోంది, ఎందుకో చెప్పదు. ఇంట్లో ఫోన్ మోగితే దుప్పటి కప్పుకుంటుందట. కాలేజీ ఏదని అడిగాను. వాడిదే.

తల్లిని బయట కూర్చోమన్నాను. పిల్ల తల ఎత్తలేదు. మాట పెగలకపోతే ఏం చేయాలో ఇప్పుడు నాకు తెలుసు కదా, కాగితం తీసుకుని థర్మామీటర్ గీశాను. సున్నా నుంచి పది. ఇప్పుడు నీకు ఎంతలో ఉంది నాన్నా, వేలు పెట్టు అన్నాను. బొమ్మ చూడగానే ఆ పిల్ల కుర్చీలోంచి లేచింది. లేచి గోడ దగ్గరికి పోయి, గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ఎందుకు లేచావని అడిగాను.

"ఏడు దాటితే నిలబడల్ల గదా మేడం" అంది.

ఆ తర్వాత ఒక్కొక్క ముక్కా చెప్పింది. సోమవారం సోమవారం అసెంబ్లీలో స్టేజీ మీద పెద్ద థర్మామీటర్ పటం పెడతారట. ఒక్కొక్కరూ మైకులో తమ నంబరు చెప్పి, ఇంటి దగ్గర ఏమేం గుర్తొస్తాయో చెప్పాలట. ఏడు దాటినవాళ్లు పక్కన వరసగా నిలబడాలట, మిగతావాళ్లు వాళ్లను చూసి ధైర్యం నేర్చుకోవాలట. తక్కువ నంబరు చెప్తే అబద్ధమని మళ్లీ చెప్పిస్తారట. ఐశ్వర్య తొమ్మిది అందట. అమ్మ పక్కన పడుకోవాలని ఉందని చెప్పిందట. అందరూ నవ్వారట. దీని పేరు షేరింగ్ థెరపీ. కాబోయే డైరెక్టర్ సార్ అలిపిరి దగ్గర ఏదో పెద్ద క్లాసులో నేర్చుకొచ్చారట.

తల్లి లోపలికి వచ్చి నా చేతులు పట్టుకుంది. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు, పాప పేరు బయటికి వస్తే హాల్ టికెట్ ఇయ్యరు అని ఏడ్చింది. మాట ఇచ్చాను. మాట ఇవ్వకపోయినా చెప్పను. ఈ గదిలో విన్నది ఈ గదిలోనే.

ఆగస్టు 6, బుధవారం

మారలేదు. మైకు అదే, బొమ్మ కొత్తది.

తిన్న వడ గొంతులో అడ్డం పడింది.

ఆగస్టు 10, ఆదివారం

చివరి రోజు ఏం జరుగుతుందో జయంతి మేడం చెప్పింది. ఆగస్టు ముప్పై ఒకటి. అతిథులు వస్తారు. ఒక్కొక్క థెరపిస్టూ రోల్‌ప్లేలో తనకు పిల్లగా కూర్చున్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, ఈ పిల్ల క్షేమంగా ఉండాలంటే చుట్టూ ఏం మారాలి, ఎవరు ఏం చేయాలి అని చెప్పాలి. ఆ తర్వాత పిల్ల లేచి వేషం విప్పాలి. ఆ తర్వాత సర్టిఫికెట్లు. వాడి కాలేజీ ఛైర్‌పర్సన్ శకుంతలమ్మ ముఖ్య అతిథి. ఆమె చేతుల మీదుగానే వాడికి ఆర్డరు కూడా.

ఐశ్వర్య మాట ఎత్తకూడదు. ఎత్తను. అయితే నా మాట నాది. దాన్ని ఎవరి దగ్గరా దాచిపెడతానని మాట ఇవ్వలేదు.

ఆగస్టు 23, శనివారం

ప్రాక్టీసు. వాడు నన్ను కూర్చోబెట్టి తన స్పీచ్ వినిపించాడు. ఆ డీన్ గురించి చెప్పే దగ్గర కొంచెం మెత్తగా ఉంది. గట్టిగా చెప్పండి సార్, రాణికి ధైర్యం రావాలంటే మీరు గట్టిగా చెప్పాలి అన్నాను. థాంక్సమ్మా అని రాసుకున్నాడు.

ఆగస్టు 30, శనివారం

ఊరంతా వినాయకుడి పందిళ్లు. సందు సందుకూ మైకు.

జయంతి మేడంతో విడిగా చెబుదామని సాయంత్రం వాళ్ల గది దాకా వెళ్లాను. అదే సరైన పద్ధతి. ఆమె వింటుంది, వాడిని పిలిచి అడుగుతుంది, సర్టిఫికెట్ ఆపుతుంది. నాలుగు గోడల మధ్య, ఏసీలో, కాఫీ తాగుతూ. వాడు బయటికి వచ్చి ఒంట్లో బాగాలేదని చెప్పుకుని ఇంటికి పోతాడు, వచ్చే బ్యాచ్‌లో చేరతాడు.

తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. నాకు వాడి సర్టిఫికెట్ ఆగడం ఒక్కటే చాలదు. మైకు కావాలి.

దీనికి నా సర్టిఫికెట్ పోతుంది. క్లినిక్ డాక్టరుగారికి మొహం ఎట్లా చూపించాలో తెలియదు. పోనీ.

ఆగస్టు 31, ఆదివారం

వరసగా రాస్తాను.

హాలు నిండింది. శకుంతలమ్మ పట్టుచీరలో ముందు వరసలో, పక్కనే వెండి పళ్లెంలో శాలువాలు, సర్టిఫికెట్లు. మా జోడీ చివరిది. రిబ్బను కట్టుకుని వాడి పక్కన కూర్చున్నాను. వాడు మైకు అందుకున్నాడు. రాణి కథ చెప్పాడు, ఒక్క మాట పొల్లుపోకుండా. నేను చెప్పమన్నట్టే గట్టిగా చెప్పాడు.

"ఈ పాపకు రక్షణ ఒక్కటే" అన్నాడు. "ఆ మనిషిని పిల్లల దగ్గరికి మళ్లీ రానివ్వకూడదు. ఆ కాలేజీలోనే కాదు, ఏ కాలేజీలోనూ. వయసు చూసి జాలిపడకూడదు. పశ్చాత్తాపం ఉందా అని కూడా అడగక్కర్లేదు."

చప్పట్లు మోగాయి. శకుంతలమ్మ కూడా కొట్టింది. వేషం విప్పమ్మా అని వాడే మైకు నా చేతికిచ్చాడు. వాడే ఇచ్చాడు!

లేచి నిలబడ్డాను. చదువుకున్న తెలుగు మాట్లాడదామని ముందే అనుకున్నాను. నోరు తెరిస్తే నా యాసే వచ్చింది.

"నేను రాణిని కాదు. నేను రూపశ్రీని. మాది బంగారుపాళ్యం. ఇంటర్ మీ కాలేజీలోనే చదివినాను. నాయనతో ఫోన్లో ఏడిస్తే నన్ను మైకు ముందర నిలబెట్టి, నా మాదిరి ఏడ్చి చూపించినారు. ఆ డీన్ మీరే సార్."

వాడు నా వైపు చూశాడు. చూపులో వెతుకులాట. ఒక్కో ఏడాదీ, ఒక్కో మొహమూ తిరగేస్తున్నాడు.

"ఏ బ్యాచ్ మ్మా నువ్వు?" అన్నాడు.

మొదటిసారి వాడి నోట, వాడి సొంత మాటగా మా యాస విన్నాను. వాడిదీ మా పక్కే. వాడిదీ ఇదే మాట. దాన్ని కోటు కింద దాచుకుని, మైకులో నన్ను ఎక్కిరించాడు.

చెప్పాను, బ్యాచ్. గుర్తు రాలేదు. ఎంతమందిని నిలబెట్టాడో మరి, ఒకరిని ఏరి గుర్తు పెట్టుకోవడం కష్టమే. శకుంతలమ్మ కూర్చున్న చోటి నుంచే ఇది నిజమేనా సార్ అని అడిగింది. వాడు కాదని ఉంటే నేనేం చేసేదాన్నో నాకు తెలియదు. సాక్ష్యం లేదు. వాడు కాదనలేదు. కాదనాల్సిన పని అని వాడికి తోచలేదు.

"అది మోటివేషన్ గదా మేడం" అన్నాడు. "ఇప్పుడు కూడా పెడతా ఉండాం గదా సోమవారం సోమవారం. థర్మామీటర్ పెట్టి. మీరే వచ్చి సూసినారు గదా."

నేను ఐశ్వర్య పేరు ఎత్తలేదు. ఎవరి పేరూ ఎత్తలేదు. వాడే చెప్పుకున్నాడు.

జయంతి మేడం లేచింది. థర్మామీటర్ మైకులోనా అని అడిగింది. అవును మేడం, మీరు నేర్పించిందే, పిల్లలకు చాలా ఉపయోగపడతా ఉంది అన్నాడు. ఆమె మొహం చూడలేకపోయాను. తలుపు వేసుకుని చేయమని చెప్పిన పని అది. పళ్లెం దగ్గరికి వెళ్లి, సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ తిరగేసి, వాడిది బయటికి తీసి, తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని జిప్పు వేసింది.

శకుంతలమ్మ మంచి మనిషని రాయను. ఆ థర్మామీటర్ ఆమె కళ్ల ముందే జరిగింది, చూసి వచ్చింది. హాలు నిండా జనం, పైన కెమెరా. మొహం కడుక్కున్నంత సులువుగా మొహం మార్చేసింది. పిల్లల దగ్గరికి రానివ్వకూడదని సారే చెప్పినారు కదా, సార్ మాటే పాటిద్దాం అంది. ఆర్డరు కవరు మడిచి డ్రైవరుకిచ్చింది. కాలేజీ పరువు కోసం వాడిని వదులుకుంది. ఎవరి కోసమైతే నాకేం.

వాడు కుర్చీలో కూర్చుండిపోయాడు. నీళ్లు అడిగాడు. గ్లాసు నోటి దాకా ఎత్తబోయి కోటు మీద ఒలకబోసుకున్నాడు. దయానంద్ వెళ్లి పట్టుకున్నాడు. నేను కదల్లేదు. నిలబడి చూశాను, తృప్తిగా చూశాను. జాలి వేసిందని రాస్తే అబద్ధం.

చివర్లో జయంతి మేడం నన్ను గదిలోకి పిలిచింది. సొంత పుండు తెచ్చావు అంది. తెచ్చాను మేడం అన్నాను. ముందే నా దగ్గరికి వచ్చి ఉండొచ్చు కదా అంది. రావొచ్చు మేడం, రావాలనిపించలేదు అన్నాను. నా సర్టిఫికెట్ కూడా అదే హ్యాండ్‌బ్యాగులోకి పోయింది. వాడిది, నాది పక్కపక్కన. తర్వాత నా చెయ్యి పట్టుకుని చూసింది. రిబ్బను ఇంకా ఉంది. విప్పడం మరిచేపోయాను. తనే ముడి విప్పింది. గట్టిగా బిగుసుకుపోయింది, పంటితో లాగింది. ఇంటికెళ్లి ఏం చేస్తావో చెప్పలేదు నువ్వు అంది.

నాయనకు ఫోన్ చేస్తాను అన్నాను.

చేశాను. బాగుండావా మ్మా అన్నాడు. బాగుండాను అనేశాను. అలవాటు.

సెప్టెంబర్ 2, మంగళవారం

ఐశ్వర్య వాళ్లమ్మ వచ్చింది. నిన్న అసెంబ్లీలో ప్రార్థన చేసి పంపించేశారట. స్టేజీ మీద పటం లేదట. పక్కింటి పిల్ల చెప్పిందట. ఎందుకు తీసేశారో వాళ్లకు తెలియదట.

నాకూ తెలియదన్నాను.

క్లినిక్ డాక్టరుగారు సర్టిఫికెట్ ఏదని అడిగారు. ఫెయిలయ్యానన్నాను. ట్రైనింగుకు మళ్లీ పంపిస్తారట, ఖర్చు మాత్రం నాదే. దయానంద్ ఫోన్ చేశాడు. పెద్దాయన మంచం పట్టాడట, ఎవరితోనూ మాట్లాడడం లేదట, ఒక్కసారి చూసి వద్దామా అన్నాడు. ఫోన్ పెట్టేశాను. కోపం తగ్గలేదు. తగ్గాలని ఎవరూ నాకు చెప్పొద్దు.

సెప్టెంబర్ 7, ఆదివారం

పొద్దున నాయన ఫోన్. బాగుండావా మ్మా అన్నాడు.

"నాయనా, నన్ను పిల్చుకోని పో" అన్నాను.

ఎందుకని అడగలేదు. ఏమైందని అడగలేదు. "యాడుండావు మ్మా?" అన్నాడు, అంతే. చిత్తూరు రూములోనే అన్నాను.

కింద నాయన టీవీఎస్ మోపెడ్ హారన్ మోగుతోంది.